ట్రక్ స్కూలు ఫీజు ఎవరు కడితే మేలు: అమెరికాలో సీడీఎల్ ఫీజు కట్టే దారులన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే

అమెరికాలో సీడీఎల్, అంటే కమర్షియల్ డ్రైవర్ లైసెన్సు, తీసుకుని ట్రక్ ఎక్కాలనుకునేవాళ్లు మొదట అడిగేది స్కూలు ఫీజు ఎంత అని. పెద్ద ట్రైలర్ ట్రక్కులు నడిపే క్లాస్ ఎ లైసెన్సు శిక్షణకు మామూలుగా మూడు వేల డాలర్ల నుంచి పది వేల దాకా అవుతుంది, అడగడం సహజమే. కానీ దానికంటే ముందు అడగాల్సింది ఇంకోటి ఉంది: ఉద్యోగంలో చేరిన మూడో నెలలో మానేయాల్సి వస్తే నేను ఎవరికి ఎంత బాకీ ఉంటాను? నేను సొంత డబ్బు కట్టి నేర్చుకున్నాను, మా బావమరిది కంపెనీ స్కూల్లో చేరాడు, నా క్లాసులో ఉన్న ఒకాయన ఫీజు ప్రభుత్వం కట్టింది. ముగ్గురి అనుభవం చూశాక నాకు గట్టిగా అనిపించింది ఏంటంటే, ఫీజు అంకె కంటే దాని వెనకున్న కాగితమే ముఖ్యం.

డబ్బు ఎవరు కట్టినా శిక్షణ రూలు ఒకటే. 2022 ఫిబ్రవరి 7 నుంచి ఈఎల్‌డీటీ అనే కొత్త డ్రైవర్ల తప్పనిసరి శిక్షణ రూలు వచ్చింది కాబట్టి మొదటిసారి క్లాస్ ఎ తీసుకునేవాళ్లు ట్రక్కుల భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎంసీఎస్‌ఏ వారి ట్రైనింగ్ ప్రొవైడర్ రిజిస్ట్రీలో ఉన్న చోటే నేర్చుకోవాలి, లేకపోతే స్కిల్స్ టెస్టు పెట్టరు. థియరీలో 80 శాతం మార్కులు రావాలి. బండి మీద కనీసం ఇన్ని గంటలు నడపాలని మాత్రం ఆ ఫెడరల్ రూలులో ఎక్కడా లేదు, ట్రైనర్ మీకు వచ్చిందని ఒప్పుకుంటే చాలు. అందుకని ఫీజు తక్కువ అని చేరిపోకుండా, ఒక్కో బండికి ఎంతమంది విద్యార్థులు, స్టీరింగ్ నా చేతిలో ఎంతసేపు ఉంటుంది అని నిలదీసి అడగండి. ఆటోమేటిక్ బండిలో టెస్టు ఇస్తే లైసెన్సు మీద మాన్యువల్ నడపకూడదన్న ఆంక్ష పడుతుంది, అది కూడా ముందే తెలుసుకోవాలి.

ఇక కంపెనీ డబ్బుతో నేర్చుకోవడం. స్విఫ్ట్, సీఆర్ ఇంగ్లండ్, ప్రైమ్ లాంటి పెద్ద ట్రక్కింగ్ కంపెనీలకు సొంత శిక్షణ ప్రోగ్రాములు ఉన్నాయి. చేతిలో పైసా లేనివాడికి ఇది నిజంగా తలుపు తెరిచే దారి, దాన్ని నేను తీసిపారేయను. కానీ ప్రకటనలో ఉచితం అన్న మాట చూసి నమ్మకండి. ఫీజు మీ పేరు మీద బాకీగా రాసుకుంటారు, తరచుగా ఏడాది, కొన్నిచోట్ల అంతకన్నా ఎక్కువ, వాళ్ల దగ్గరే నడిపితే అప్పుడు కొట్టేస్తారు. మా బావమరిది చేరిన కంపెనీ పేరు చెప్పను గానీ రిక్రూటర్ ఫోన్లో చెప్పినదానికీ, అక్కడికి వెళ్లాక ముందు పెట్టిన కాగితానికీ పొంతనే లేదు. ఫోన్లో నెలనెలా బాకీ తగ్గుతుందన్నారు, కాగితంలో మాత్రం గడువుకు ఒక్కరోజు ముందు మానేసినా మొత్తం ఫీజు కట్టాలని, వడ్డీతో సహా కట్టాలని ఉంది. ఇంకో రాష్ట్రం దాకా బస్సులో రప్పించి, హోటల్లో దింపి, పొద్దున్నే సంతకం పెట్టమంటే ఎంతమంది వెనక్కి తిరుగుతారు? ఇంట్లో ఆరోగ్య సమస్య వచ్చి అతను మధ్యలో మానేశాడు. ఆ తర్వాత కలెక్షన్ ఏజెన్సీ ఫోన్లు, ఇంటిల్లిపాదికీ టెన్షన్. ఉద్యోగమే అప్పుగా మారే ఈ ఏర్పాట్ల మీద కన్స్యూమర్ ఫైనాన్షియల్ ప్రొటెక్షన్ బ్యూరో 2023లో ఒక రిపోర్టు కూడా ఇచ్చింది, అంటే ఇది మా ఒక్క ఇంటి బాధ కాదు.

ఇందులో చాలామంది లెక్కేయనిది మైలు రేటు, అంటే నడిపిన ప్రతి మైలుకు ఇచ్చే జీతం. కంపెనీ స్కూలు నుంచి వచ్చినవాళ్లకు మొదటి ఏడాది మైలుకు కొన్ని సెంట్లు తక్కువ ఇచ్చే చోట్లు ఉన్నాయి. సెంట్లే కదా అనుకుంటాం. లాంగ్ హాల్‌లో ఏడాదికి లక్ష మైళ్లు నడిపారనుకోండి, మైలుకు 8 సెంట్లు తగ్గితే 8,000 డాలర్లు పోయినట్టే, బయట మంచి స్కూలు ఫీజు అంత! దాని పైన ట్రైనర్ పక్కన కూర్చుని నడిపే వారాల్లో జీతం ఇంకా తక్కువ. అందుకే రిక్రూటర్‌ను అడగాల్సిన మొదటి మాట, ఇదే కంపెనీలో బయటి స్కూలు నుంచి వచ్చిన కొత్త డ్రైవర్‌కు మైలుకు ఎంత ఇస్తున్నారు అని. రెండు రేట్లూ ఒకటే అయి, బాకీ నెలనెలా తగ్గుతుందని రాతపూర్వకంగా ఉంటే, ఆ ప్రోగ్రాంలో నిశ్చింతగా చేరొచ్చు. కాంట్రాక్టు ఇంటి దగ్గర ఉండగానే ఈమెయిల్‌లో పంపమనండి, పంపం అన్నారంటే అక్కడితో వదిలేయండి. మధ్యలో మానేస్తే డ్రైవర్ల పాత ఉద్యోగ చరిత్ర ఉండే డాక్ రిపోర్టులో కూడా ఎక్కే అవకాశం ఉంది, తర్వాత వేరే కంపెనీకి వెళ్లినప్పుడు అది చూస్తారు.

నా దృష్టిలో అన్నిటికంటే మంచిది డబ్ల్యూఐఓఏ అనే ప్రభుత్వ ఉద్యోగ శిక్షణ నిధులు, విచిత్రంగా మనవాళ్లలో దీని గురించి తెలిసినవాళ్లే తక్కువ. 2014 నాటి చట్టం ఇది, దీని కింద మీ దగ్గర్లోని అమెరికన్ జాబ్ సెంటర్ అనే ప్రభుత్వ ఉపాధి కేంద్రం ద్వారా స్కూలు ఫీజు కడతారు, తిరిగి కట్టక్కర్లేదు, ఏ కంపెనీకీ కట్టుబడక్కర్లేదు. ఉద్యోగం పోయినవాళ్లకు, ఆదాయం తక్కువ ఉన్నవాళ్లకు ఇది బాగా పనికొస్తుంది, పౌరసత్వం లేకపోయినా గ్రీన్‌కార్డు లాంటి పని అనుమతి ఉన్నవాళ్లు అడగొచ్చు. ఇబ్బందల్లా ఓపికతో. కౌన్సిలర్‌ను కలవాలి, కాగితాలు ఇవ్వాలి, రాష్ట్రం ఆమోదించిన జాబితాలో ఉన్న స్కూలునే ఎంచుకోవాలి, ఆ ఏడాది నిధులు అయిపోతే ఆగాలి. క్లాసులో చేరిపోయి తర్వాత డబ్బు ఇవ్వమంటే కుదరదు, ఆమోదం ముందు రావాలి. నా క్లాసులో ఉన్న ఆయన చాలాకాలం ఆఫీసు చుట్టూ తిరిగాడు, కానీ లైసెన్సు వచ్చిన రోజున మా ముగ్గురిలో జేబులోంచి ఫీజు కట్టకుండా, ఎవరికీ బాకీ పడకుండా బయటపడ్డది ఆయనొక్కడే, నచ్చిన కంపెనీని బేరమాడి చేరాడు.

ఆదాయం తక్కువ ఉన్న విద్యార్థులకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే పెల్ గ్రాంట్ మీద ఆశ పెట్టుకునేవాళ్లకు ఒక మాట. చిన్న కోర్సులకూ వర్తించేలా కొత్త వర్క్‌ఫోర్స్ పెల్‌ను చట్టం 2026 జూలై 1 నుంచి మొదలుపెట్టమంది, అయితే అందులోనూ కోర్సు కనీసం 8 వారాలు, 150 గంటలు ఉండాలి. చాలా స్కూళ్లు చెప్పే 160 గంటలు, నాలుగు వారాల ప్యాకేజీ గంటల్లో సరిపోయినా వారాల్లో సరిపోదు. కాస్త పొడుగ్గా నడిపే కమ్యూనిటీ కాలేజీలో అయితే అడిగి చూడండి. సైన్యంలో పనిచేసినవాళ్లకు చదువు ఖర్చు భరించే జీఐ బిల్ ఉంది, అర్హత ఉంటే వాళ్లు మొదట అదే చూడాలి.

నేను ఎంచుకున్నది సొంత డబ్బు, తర్వాత ట్యూషన్ రీయింబర్స్‌మెంట్, అంటే కట్టిన ఫీజు తిరిగి ఇచ్చే కంపెనీ. దీంట్లో హాయి ఏంటంటే, కంపెనీ నచ్చకపోతే మిగతా రీయింబర్స్‌మెంట్ వదులుకుని వెళ్లిపోతారు అంతే, ఎవరూ మీ వెంటపడరు. సాధారణంగా ఒకేసారి ఇవ్వరు, నెలకు వందో రెండొందలో చొప్పున ఒక పరిమితి దాకా ఇస్తారు, స్కూలు పూర్తయి ఎక్కువ కాలం కాకూడదని షరతు ఉంటుంది కాబట్టి లైసెన్సు తీసుకుని ఇంట్లో కూర్చుంటే అర్హత పోవచ్చు. కంపెనీకి సరైన రాతపూర్వక ఎడ్యుకేషన్ అసిస్టెన్స్ ప్లాన్ ఉంటే ఏడాదికి 5,250 డాలర్ల దాకా పన్ను ఉండదు, కానీ ఉద్యోగంలో చేరకముందు కట్టిన ఫీజుకు అది వర్తించకపోవచ్చు, అది కూడా హెచ్‌ఆర్‌ను అడగండి.

అప్పు చేసి కట్టడం నా లెక్కలో చివరిది. 6,000 డాలర్లు 15 శాతం వడ్డీకి మూడేళ్ల వాయిదాల్లో తీసుకుంటే నెలకు దాదాపు 208 డాలర్లు, చివరికి కట్టేది 7,490 దాకా. అయినా సరే, గడువుకు ముందు మానేస్తే మొత్తం కట్టమనే కంపెనీ కాంట్రాక్టు ఒక్కటే మీ ముందు ఉంటే, నేను ఈ అప్పే చేయమంటాను, ఎందుకంటే దీని మొత్తం ముందే తెలుసు, పైగా ఏ కంపెనీలో నడపాలో మీరే నిర్ణయించుకోవచ్చు. స్కూలే వాయిదాలు ఇస్తానంటే వడ్డీ శాతం కాగితం మీద చూపించమనండి, రీటెస్టు ఫీజు, డ్రైవర్లకు తప్పనిసరైన డీఓటీ మెడికల్ ఆరోగ్య పరీక్ష, డ్రగ్ టెస్టు, నేర్చుకునేటప్పటి పర్మిట్ ఖర్చు అందులో కలిపారో లేదో కూడా అదే కాగితంలో రాయించుకోండి.