రెండు రెడీమేడ్ ఫ్లట్టర్ మాడ్యూళ్ళు ఒకే నేటివ్ యాప్‌లో పెట్టుకోవచ్చని అమ్ముతున్నారు, జాగ్రత్త

ఫ్లట్టర్ అంటే గూగుల్ వాళ్ళ యాప్ తయారీ టూల్‌కిట్; దాంతో చేసిన స్క్రీన్లని ఫోన్‌కి నేరుగా రాసిన (నేటివ్) పాత యాప్‌లో కలపడమే యాడ్-టు-యాప్. ఆ కిట్లు అమ్మే సెల్లర్ ఎవరో ఇక్కడ సగం మందికి తెలుసు, పేరు రాయను. చాట్ మాడ్యూల్ ఒకటి, డాక్యుమెంట్ స్కానింగ్ మాడ్యూల్ ఒకటి, రెండూ కలిపితే కాంబో. "మీ పాత కోట్లిన్ యాప్‌లో ఒక్క డిపెండెన్సీ లైను చాలు, మా మాడ్యూళ్ళు ఎన్నైనా పక్కపక్కన పెట్టుకోవచ్చు" అని లిస్టింగ్‌లో ఉంది (కోట్లిన్ అంటే ఆండ్రాయిడ్ యాప్‌లు రాసే భాష, డిపెండెన్సీ అంటే యాప్ వాడుకునే బయటి కోడ్). ఆ రెండో సగం పచ్చి అబద్ధం. ఒక యాప్‌లో ఒకటికి మించి ఫ్లట్టర్ లైబ్రరీలు ప్యాక్ చేయడానికి సపోర్ట్ లేదని ఫ్లట్టర్ డాక్యుమెంటేషన్‌లోనే, యాడ్-టు-యాప్ పరిమితుల కింద, సూటిగా రాసి ఉంది. అమ్మేవాడు అది చదవలేదంటే నమ్మొచ్చేమో. చదివే అమ్మాడు, ఆ రుజువు వాడు పంపిన ఫైల్‌లోనే ఉంది. దాని సంగతి కింద చెప్తాను.

చాట్ మాడ్యూల్ ఒక్కటే పెట్టినంతవరకు ఏ పేచీ లేదు. గ్రేడిల్ (ఆండ్రాయిడ్ యాప్‌ని బిల్డ్ చేసే టూల్) వాడే సెట్టింగ్స్.గ్రేడిల్ ఫైల్‌లో వాడిచ్చిన లోకల్ మావెన్ ఫోల్డర్ (లైబ్రరీలు పెట్టే చోటు), ఫ్లట్టర్ ఇంజిన్ (ఫ్లట్టర్ కోడ్‌ని నడిపించే భాగం) దొరికే డౌన్‌లోడ్.ఫ్లట్టర్.ఐఓ రిపోజిటరీ, రెండూ చేర్చాలి. హోస్ట్ ప్రాజెక్ట్‌లో (అంటే మన నేటివ్ యాప్‌లో) రిపోజిటరీస్ మోడ్ 'ఫెయిల్ ఆన్ ప్రాజెక్ట్ రెపోస్' అని ఉంటే 'ప్రిఫర్ సెట్టింగ్స్' చేయాలి. ఏబీఐ ఫిల్టర్లలో (ఏ రకం ప్రాసెసర్లకి బిల్డ్ చేయాలో చెప్పే జాబితా) ఆర్మ్‌ఈఏబీఐ-వీ7ఏ, ఆర్మ్64-వీ8ఏ, ఎక్స్86_64 మాత్రమే ఉంచాలి, ఎందుకంటే 32 బిట్ ఎక్స్86కి రిలీజ్ బిల్డ్ లేదు. ఇంతే పని. నమ్మకం కుదిరేది ఇక్కడే, చెవిలో పువ్వు పెట్టేదీ ఇక్కడే.

రెండో ఏఏఆర్ (ఆండ్రాయిడ్ లైబ్రరీ ప్యాకేజీ ఫైల్, మాడ్యూల్ ఇలాగే వస్తుంది) చేర్చి రిలీజ్ బిల్డ్ (యూజర్లకి పంపే బిల్డ్) కొట్టగానే 'మెర్జ్ రిలీజ్ నేటివ్ లిబ్స్' టాస్క్ దగ్గర ఆగిపోతుంది. ఆర్మ్64-వీ8ఏ ఫోల్డర్‌లో లిబ్‌యాప్.ఎస్‌ఓ పేరుతో రెండు ఫైళ్ళు దొరికాయి అంటుంది. అనక ఏం చేస్తుంది? రిలీజ్ బిల్డ్‌లో మాడ్యూల్ డార్ట్ (ఫ్లట్టర్ యాప్‌లు రాసే భాష) కోడ్ మొత్తం ముందే కంపైల్ అయి ఆ ఒక్క ఫైల్‌లోనే ఉంటుంది. ప్రతి ఫ్లట్టర్ మాడ్యూల్‌లోనూ ఆ ఫైల్‌కి అదే పేరు, అదే చోటు. ఏపీకేలో (యాప్ ఇన్‌స్టాల్ ఫైల్‌లో) ఆ చోట ఒక్క ఫైలే పడుతుంది. ఒక కుర్చీకి ఇద్దరికి టోకెన్లు అమ్మినట్టు.

డీబగ్‌లో (టెస్టింగ్‌కి చేసే బిల్డ్‌లో) ఈ ఎర్రర్ రాదు, అది ఇంకా దరిద్రం. డీబగ్ బిల్డ్‌లో లిబ్‌యాప్.ఎస్‌ఓ ఉండదు, డార్ట్ కోడ్ ఫ్లట్టర్_అసెట్స్ కింద కెర్నల్_బ్లాబ్.బిన్ రూపంలో వెళ్తుంది. అసెట్లు కలిపేటప్పుడు గ్రేడిల్ గొడవ చేయదు. ఒకే పేరున్న రెండు ఫైళ్ళలో డిపెండెన్సీల వరుసలో పైచేయి ఉన్నది మిగులుతుంది, రెండోది చప్పుడు లేకుండా పోతుంది. బిల్డ్ పచ్చగా వచ్చిందని సంబరపడి రిలీజ్ దాకా ఆగితే అంతే సంగతులు.

ఇప్పుడు అసలు మంట పుట్టించిన భాగం. బిల్డ్ లాగ్ మొత్తం జతచేసి సపోర్ట్‌కి పంపితే వచ్చిన జవాబు ఒక్క లైను: "ప్యాకేజింగ్ బ్లాక్‌లో పిక్‌ఫస్ట్స్ పెట్టుకోండి, పని అవుతుంది." దాని కింద ఉచితంగా ఇంకో లైను: "మీ టీమ్‌లో గ్రేడిల్ తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

ఉన్నారండీ. గ్రేడిల్ తెలుసు కాబట్టే పిక్‌ఫస్ట్స్ ఏం చేస్తుందో కూడా తెలుసు. ఒకే పేరున్న ఫైళ్ళలో మొదటిది ఉంచి మిగతావి వదిలేసేది, రెండు మాడ్యూళ్ళూ సీ++ షేర్డ్ లైబ్రరీ లాంటి ఒకే సరుకు తెచ్చినప్పుడు వాడాల్సిన సెట్టింగ్ అది. లోపల ఉన్నది ఒకటే కాబట్టి ఏది ఉంచినా ఒకటే. ఇక్కడ పేరు మాత్రమే ఒకటి, లోపల రెండు వేరువేరు ప్రోగ్రాములు. పిక్‌ఫస్ట్స్ పెడితే ఎర్రర్ పోతుంది, దాంతోపాటు కొన్న రెండు మాడ్యూళ్ళలో ఒకదాని కోడ్ కూడా ఏపీకేలోంచి పోతుంది. స్కానింగ్ బటన్ నొక్కితే చాట్ తెరుచుకుంటుంది. క్రాష్ కాదు, లాగ్‌లో ఎర్ర అక్షరం ఉండదు, హాయిగా చాట్ స్క్రీన్ వస్తుంది. "పని అవుతుంది" అంటే ఇదే కాబోలు.

డిపెండెన్సీల వరుస తిప్పితే స్కానింగ్ స్క్రీన్ వస్తుంది, కెమెరా మాత్రం తెరుచుకోదు. పాత తరహా ప్లగిన్లలో (కెమెరా లాంటివాటిని డార్ట్‌కి కలిపే కోడ్) అయితే మిస్సింగ్ ప్లగిన్ ఎక్సెప్షన్, పిజన్‌తో (ఆ కలిపే కోడ్ పుట్టించే టూల్‌తో) రాసిన కొత్తవాటిలో అయితే ఛానెల్-ఎర్రర్ అనే ప్లాట్‌ఫామ్ ఎక్సెప్షన్. ఎందుకని వెతికితే పైన చెప్పిన రుజువు బయటపడింది. ఏఏఆర్ అంటే జిప్ ఫైలే. విప్పి, లోపలున్న క్లాసెస్.జార్‌ని 'జార్ టీఎఫ్' కమాండ్‌తో చూడండి. చాట్ మాడ్యూల్‌లో ఐఓ.ఫ్లట్టర్.ప్లగిన్స్ ప్యాకేజీ కింద ప్లగిన్లని ఇంజిన్‌కి నమోదు చేసే జెనరేటెడ్ ప్లగిన్ రిజిస్ట్రంట్ అనే క్లాస్ ఉంది. స్కానింగ్ మాడ్యూల్‌లో లేదు. ప్లగిన్లున్న మాడ్యూల్‌ని 'ఫ్లట్టర్ బిల్డ్ ఏఏఆర్'తో మామూలుగా బిల్డ్ చేస్తే ఆ క్లాస్ లేకుండా రాదు, అది టూల్ దానంతట అదే పుట్టించే ఫైల్. రెండు ఏఏఆర్‌లలోనూ ఉంటే 'డూప్లికేట్ క్లాస్' అని బిల్డ్ ఆగిపోతుంది, దానికి పిక్‌ఫస్ట్స్ మందు పనిచేయదు. అందుకని రెండోదాంట్లోంచి చేత్తో పీకేసి పంపారు. ఇంజిన్ మొదలయ్యేటప్పుడు ఆ పేరుతో క్లాస్‌ని రిఫ్లెక్షన్‌తో (యాప్ నడుస్తుండగా పేరును బట్టి) వెతుకుతుంది. దానికి దొరికేది చాట్ మాడ్యూల్ రిజిస్ట్రంట్ ఒక్కటే, అందులో కెమెరా ఊసే లేదు. అంటే గొడవ వస్తుందని ముందే తెలుసు, కప్పిపెట్టే ఏర్పాటూ చేశారు, పైగా గ్రేడిల్ మనకు రాదని దెప్పిపొడుపు!

ఇదంతా రెండు మాడ్యూళ్ళూ ఒకే ఫ్లట్టర్ వెర్షన్‌తో బిల్డ్ చేసి ఉంటే. కాంబోలో అదీ లేదు. ఏఏఆర్ పక్కనే ఉన్న పీఓఎం ఫైల్ (ఏ డిపెండెన్సీలు కావాలో రాసి ఉండే ఫైల్) తెరిస్తే ఫ్లట్టర్ ఎంబెడింగ్, ఇంజిన్ డిపెండెన్సీల వెర్షన్ 1.0.0 తర్వాత ఒక గీత, ఆ తర్వాత పొడుగాటి ఇంజిన్ హ్యాష్ (ఆ ఇంజిన్ వెర్షన్‌ని గుర్తించే కోడ్) కనిపిస్తాయి. రెండు పీఓఎంలలో హ్యాష్‌లు వేరు. గ్రేడిల్‌కి హ్యాష్‌లలో ఏది కొత్తదో ఏం తెలుసు? అక్షరాలు పోల్చి పెద్దదనిపించినది తీసుకుంటుంది. ఆ ఇంజిన్, మిగిలిన లిబ్‌యాప్.ఎస్‌ఓ వేరువేరు వెర్షన్లవి అయితే "రాంగ్ ఫుల్ స్నాప్‌షాట్ వెర్షన్" అని చెప్పి డార్ట్ వీఎం (ఇంజిన్‌లో డార్ట్ కోడ్ నడిపే భాగం) మొదట్లోనే చచ్చిపోతుంది. ఈ మెసేజ్ ఎక్కడ కనిపించినా మీ కోడ్‌లో తప్పు వెతక్కండి, హ్యాష్‌లు చూడండి.

ఐఓఎస్ కిట్ కూడా అదే తంతు. 'ఫ్లట్టర్ బిల్డ్ ఐఓఎస్-ఫ్రేమ్‌వర్క్' ఇచ్చే డార్ట్ కోడ్ ఫ్రేమ్‌వర్క్ పేరు ప్రతి మాడ్యూల్‌కీ యాప్.ఎక్స్‌సీఫ్రేమ్‌వర్కే. రెండూ ఎంబెడ్ చేస్తే 'మల్టిపుల్ కమాండ్స్ ప్రొడ్యూస్' అని ఎక్స్‌కోడ్ (ఆపిల్ యాప్‌లు బిల్డ్ చేసే టూల్) మొరాయిస్తుంది. అక్కడ పిక్‌ఫస్ట్స్ లేదు కాబట్టి సలహా కూడా రాలేదు.

వాడిచ్చిన శాంపిల్ కోడ్ గురించి రెండు ముక్కలు, అది కాపీ కొట్టినవాళ్ళు చాలామంది ఉంటారు కాబట్టి. అందులో ఇంజిన్‌ని ముందే వేడెక్కించి క్యాష్‌లో పెట్టడం బాగానే ఉంది, కానీ ఇనిషియల్ రూట్‌ని (మొదట తెరవాల్సిన స్క్రీన్‌ని) డార్ట్ ఎంట్రీపాయింట్ (డార్ట్ కోడ్ మొదలయ్యే ఫంక్షన్) నడిపించాక సెట్ చేశారు. అప్పటికి పుణ్యకాలం కాస్తా గడిచిపోయి ఉంటుంది, రూట్ పట్టదు. సెట్ ఇనిషియల్ రూట్ ముందు, ఎగ్జిక్యూట్ డార్ట్ ఎంట్రీపాయింట్ తర్వాత. క్యాష్‌లో ఉన్న ఇంజిన్ యాక్టివిటీ (ఆండ్రాయిడ్ యాప్‌లో ఒక స్క్రీన్) మూసినా బతికే ఉంటుంది, అందుకే రెండోసారి తెరిస్తే యూజర్ వదిలేసిన స్క్రీనే మళ్ళీ ప్రత్యక్షం అవుతుంది. రీడ్‌మీలో దీన్ని "స్టేట్ ప్రిజర్వేషన్ ఫీచర్" అని రాసుకున్నారు! ఇక ఫ్లట్టర్ ఫ్రాగ్మెంట్ (యాక్టివిటీలో ఒక భాగంగా పెట్టే ఫ్లట్టర్ స్క్రీన్) వాడే శాంపిల్‌లో బ్యాక్ బటన్, కొత్త ఇంటెంట్ (యాప్‌కి వచ్చే పిలుపు), పర్మిషన్ ఫలితం, ఇవేవీ హోస్ట్ యాక్టివిటీ నుంచి ఫ్రాగ్మెంట్‌కి పంపలేదు. కెమెరా పర్మిషన్‌కి యూజర్ ఒప్పుకున్నా డార్ట్ వైపు ఆ కబురు చేరదు, స్పిన్నర్ తిరుగుతూనే ఉంటుంది.

ఒకటికి మించి ఫ్లట్టర్ స్క్రీన్లు నేటివ్ యాప్‌లో పెట్టడం అసాధ్యమేమీ కాదు, అదే ఒళ్ళు మండేది. మాడ్యూల్ ఒక్కటే ఉండాలి. చాట్, స్కానింగ్ రెండూ డార్ట్ ప్యాకేజీలుగా దాని పబ్‌స్పెక్‌లోకి (ప్యాకేజీల జాబితా ఉండే ఫైల్‌లోకి) రావాలి. మాడ్యూల్ మెయిన్.డార్ట్‌లో ఒక్కోదానికి ఒక్కో పైస్థాయి ఫంక్షన్ రాసి, దాని మీద వీఎం:ఎంట్రీ-పాయింట్ ప్రాగ్మా (కంపైలర్‌కి ఇచ్చే సూచన) పెట్టాలి. ప్రాగ్మా మరిచిపోతే రిలీజ్‌లో ఎవరూ పిలవని ఫంక్షన్ అని కంపైలర్ ఊడ్చేస్తుంది. హోస్ట్ వైపు ఫ్లట్టర్ ఇంజిన్ గ్రూప్‌తో ఒక్కో ఎంట్రీపాయింట్‌కి ఒక్కో ఇంజిన్. 2021లో ఫ్లట్టర్ 2తో వచ్చిన సదుపాయం ఇది, మొదటిదాని తర్వాత ప్రతి అదనపు ఇంజిన్‌కి అయ్యే స్థిరమైన మెమరీ ఖర్చు సుమారు 180 కేబీ అని వాళ్ళే చెప్పారు. ఇంజిన్ల మధ్య డార్ట్ మెమరీ పంచుకోవడం ఉండదు, కాబట్టి లాగిన్ టోకెన్ లాంటివి రెండిటికీ హోస్టే అందించాలి. ప్యాకేజీలోని బొమ్మలకి ఇమేజ్.అసెట్‌లో ప్యాకేజ్ పేరు ఇవ్వకపోతే అవి కనిపించవు.

దీనికి సోర్స్ కావాలి. సోర్స్ అడిగితే "అది ఎంటర్‌ప్రైజ్ ప్లాన్" అన్నారు. రీఫండ్ అడిగితే "డెమోలో పనిచేసింది కదా" అన్నారు. పనిచేయదా మరి, డెమోలో చూపించింది రెండు వేరువేరు యాప్‌లు. అప్పుడే అడగాల్సింది.

కొనేముందు ట్రయల్ ఏఏఆర్ అడిగి విప్పండి. లోపల కెర్నల్_బ్లాబ్.బిన్ ఉంటే అది డీబగ్ సరుకు, ఫైల్ పేరులో రిలీజ్ అని ఉన్నా సరే. లిబ్‌యాప్.ఎస్‌ఓ ఉందో లేదో, రిజిస్ట్రంట్ క్లాస్ ఉందో లేదో, పీఓఎంలో ఏ హ్యాష్ ఉందో చూడండి. మీ యాప్‌లో ఇప్పటికే ఫ్లట్టర్ మాడ్యూల్ ఉంటే ఏఏఆర్ రూపంలో అమ్మేది ఏదీ కొనకండి, డార్ట్ ప్యాకేజీ సోర్స్ ఇస్తేనే మాట్లాడండి. ఇప్పటికే కాంబో కొని పిక్‌ఫస్ట్స్ పెట్టుకున్నవాళ్ళు ఆ లైను తీసేసి ఒక మాడ్యూల్‌ని బయట పెట్టండి, లేకపోతే మీ యూజర్లు స్కాన్ నొక్కి చాట్‌లో పడుతూనే ఉంటారు.