కౌచ్ టు ఫైవ్ కే: పరుగు మానేసి మళ్లీ మొదలెట్టేవాళ్లకు ఎంతవరకు పనికొస్తుంది?

సోఫా మీంచి లేచి 5 కిలోమీటర్లు పరిగెత్తేదాకా తీసుకెళ్తానని చెప్పే ఈ ప్లాన్ 1996 నాటిది, జాష్ క్లార్క్ రాశాడు. తొమ్మిది వారాలు, వారానికి మూడు రోజులు, రోజుకు దాదాపు అరగంట. జన్మలో పరుగు తీయనివాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసింది. ఒకప్పుడు పది కిలోమీటర్లు అలవోకగా పరిగెత్తి, ఉద్యోగమో పిల్లలో అడ్డొచ్చి ఏళ్ల తరబడి మానేసినవాళ్లకూ ఇది పనికొస్తుంది. కాకపోతే తొమ్మిది వారాల్లో ముగించాలనుకోకూడదు, పన్నెండు పదమూడు వారాలకు సాగదీసుకోవాలి.

పాత రన్నర్లకు దమ్ము తొందరగా తిరిగొస్తుంది. మూడు నాలుగు వారాలకే ఆయాసం తగ్గి, ఇంకా పరిగెత్తగలం అనిపిస్తుంది. పిక్క కింది టెండన్లు (కండరాన్ని ఎముకకు కలిపే పట్టీలు), కాలి ఎముకలు అంత తొందరగా గట్టిపడవు, వాటికి నెలలు పడుతుంది. ఎముకలోనైతే ముందు పాత పదార్థం కరిగి, ఆ తర్వాతే కొత్తది పడుతుంది. అందుకే మొదలెట్టిన నెలా నెలన్నరకు, అంతా బాగుందనుకునే సమయానికే, ఎముక బలహీనంగా ఉంటుంది. పైగా పాత వేగం ఒంటికి గుర్తుంటుంది. కొత్తవాడు తెలియక నెమ్మదిగా వెళ్తాడు, పాతవాడు తెలిసీ ఆగడు.

మొదటి వారం 60 సెకన్ల పరుగు, 90 సెకన్ల నడక, ఇలా 20 నిమిషాలు. దానికి ముందు ఐదు నిమిషాలు చురుగ్గా నడవాలి. ఇదేం పరుగని నవ్వొస్తుంది. నవ్వొచ్చినా దాటేయకండి. ఈ వారాలు ఊపిరి కోసం కాదు, కాళ్ల కోసం.

అసలు లోపం నాలుగో వారంలో ఉంది. ఒక్కో రోజు పరిగెత్తే నిమిషాలు కూడి చూడండి. మొదటి వారం 8, రెండో వారం 9, మూడో వారం కూడా 9. నాలుగో వారం 3, 5, 3, 5 కలిపి ఒక్కసారిగా 16! దాదాపు రెట్టింపు. పిక్క ఎముక (మోకాలి కింద ముందువైపు తగిలే ఎముక) లోపలి అంచున నొప్పి మొదలయ్యేది ఎక్కువగా ఇక్కడే. మూడుకీ నాలుగుకీ మధ్య ఒక వారం చేర్చండి: 2 నిమిషాల పరుగు, ఒకటిన్నర నిమిషం నడక, ఆరు సార్లు. మొత్తం 12 నిమిషాల పరుగు అవుతుంది. ఆ తర్వాత నాలుగో వారాన్ని రెండుసార్లు చెయ్యండి.

రెండో గండం ఐదో వారం మూడో రోజు. అంతకుముందు రోజు 8 నిమిషాలు, మధ్యలో 5 నిమిషాల నడక, మళ్లీ 8. మూడో రోజు ఏకబిగిన 20 నిమిషాలు. విచిత్రమేమిటంటే, ఈ రెంటికీ మధ్య ఉండాల్సిన మెట్టు ప్లాన్‌లోనే ఉంది, కాకపోతే ఆరో వారం రెండో రోజున పెట్టారు: 10 పరుగు, 3 నడక, 10 పరుగు. దాన్ని ముందుకు తెచ్చి రెండు మూడు సార్లు చేశాక 20కి వెళ్లండి. మనసుకు ధైర్యం రావాలనే 20ని అక్కడ పెట్టారంటారు. కొత్తవాళ్లకు ఆ మాట వర్తిస్తుందేమో గానీ, 20 నిమిషాలు పరిగెత్తగలనని పాత రన్నరుకు కొత్తగా నిరూపించుకోవాల్సిన పని లేదు.

ఆరు నుంచి తొమ్మిది దాకా పెద్దగా చెప్పుకోవాల్సింది లేదు. 25, 28, 30 నిమిషాలకు సాఫీగా వెళ్తుంది. పేరు మాత్రం నమ్మొద్దు. 30 నిమిషాల్లో 5 కిలోమీటర్లు పూర్తవ్వాలంటే కిలోమీటరు ఆరు నిమిషాల్లో పరిగెత్తాలి. ఏడున్నర నిమిషాల వేగంతో అరగంటలో అయ్యేది 4 కిలోమీటర్లే. మిగతా కిలోమీటరును వేగం పెంచి సాధించాలని చూస్తే దెబ్బ తింటారు. వారానికి రెండు మూడు నిమిషాలు కలుపుకుంటూ పోతే అదే వస్తుంది.

వేగం ఎంత ఉండాలో ప్లాన్ చెప్పదు. వాచీలో గుండె వేగం చూసుకోవడం కన్నా మాట్లాడి చూసుకోవడం నయం. నోటికొచ్చిన ఆటవెలది పద్యం ఏదైనా పరిగెత్తుతూ పైకి చదవండి. పద్యపాదం చివర ఊపిరి తీసుకుంటే వేగం సరిగ్గా ఉన్నట్టు, పాదం మధ్యలోనే ఆగాల్సి వస్తే ఎక్కువైనట్టు. మణికట్టు మీద సెన్సరు చెమటకు తప్పు చూపిస్తుంది. బీపీకి బీటా బ్లాకర్ (గుండె వేగాన్ని తగ్గించే మందు) వేసుకునేవాళ్లకైతే ఆ అంకె ఎలాగూ పనికిరాదు.

విశాఖ బీచ్ రోడ్డులో పరిగెత్తేవాళ్లకు ఇది మరీ అవసరం. వేసవి నుంచి వానాకాలం చివరిదాకా చాలా రోజులు తెల్లవారుజామునే గాలిలో తేమ 80 శాతం దాటి ఉంటుంది. చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు, అదే వేగానికి గుండె నిమిషానికి పది సార్లు ఎక్కువ కొట్టుకోవడం మామూలే. అలాంటి రోజు వేగం తగ్గించండి, నిమిషాలు మాత్రం తగ్గించక్కర్లేదు. ఆర్కే బీచ్ ఇసుక మెత్తగా ఉంది కదా, మోకాళ్లకు మంచిదని కొందరు అందులోకి దిగుతారు. మెత్తటి ఇసుకలో మడమ కిందికి దిగిపోతుంది, మడమ వెనక టెండన్ ప్రతి అడుగుకూ ఎక్కువ సాగుతుంది. కనీసం 30 నిమిషాలు తారు రోడ్డు మీద నొప్పి లేకుండా పరిగెత్తేదాకా ఇసుక జోలికి పోవద్దు. రోడ్డు అంచు వాలుగా ఉన్నచోట ఎప్పుడూ ఒకే దిశలో పరిగెత్తినా ఒక కాలిమీదే భారం పడుతుంది. వీలైతే మధ్యలో, లేదంటే వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ అదే అంచున పరిగెత్తితే వాలు భారం రెండు కాళ్లకూ పంచుకున్నట్టవుతుంది.

ఇంట్లో మూలన పడున్న పాత బూట్లు వాడొద్దు. వాడకపోయినా అడుగు ఫోమ్ గట్టిపడిపోతుంది, జిగురు వదిలేస్తుంది. కొత్తవి సాయంత్రం కొనండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. నిలబడినప్పుడు పొడవాటి కాలివేలి ముందు చేతి బొటనవేలు వెడల్పంత ఖాళీ ఉండాలి. అడుగున కార్బన్ ప్లేటు ఉన్న రేసు బూట్లు ఇప్పుడు అనవసరం. నూలు సాక్సు చెమట పట్టి బొబ్బలు తెస్తుంది, పాలిస్టర్‌వి తీసుకోండి. తడిసిన బూట్లను ఎండలో పెట్టకుండా లోపల పాత పేపర్లు కుక్కి ఫ్యాను కింద పెడితే మర్నాటికి ఆరతాయి.

ఈ ప్లాన్‌లో లేనిది, కచ్చితంగా కలుపుకోవాల్సింది పిక్కల వ్యాయామం. మెట్టు అంచున ముని వేళ్ల మీద నిలబడి పైకి లేవాలి, మూడు సెకన్లు తీసుకుని మడమ కిందికి దించాలి. 15 చొప్పున మూడు సార్లు, వారానికి మూడు రోజులు. మోకాలు నిటారుగా పెట్టి సగం, కొద్దిగా వంచి సగం చెయ్యండి. వంచినప్పుడు లోపలి పిక్క కండరానికి ఎక్కువ పని పడుతుంది, పరుగులో ఎక్కువ బరువు మోసేది అదే. రెండు కాళ్లతో తేలికైతే ఒంటికాలితో. ఒంటికాలితో ఆగకుండా 20 చేయగలిగితే ఐదో వారంలోకి నిశ్చింతగా వెళ్లొచ్చు.

నొప్పి వస్తే ఏం చేయాలి? పదికి మూడు దాటకుండా, మర్నాడు పొద్దుటికల్లా తగ్గిపోతే కొనసాగించవచ్చు. పిక్క ఎముక నొప్పయితే లోపలి అంచు వెంబడి బొటనవేలితో నొక్కుకుంటూ రండి. జానెడు మేర అక్కడక్కడా నొప్పి ఉంటే ఒక వారం వెనక్కి వెళ్లండి. రూపాయి బిళ్లంత చోటే కచ్చితంగా నొప్పిపుట్టినా, ఒంటికాలితో గెంతితే కలుక్కుమన్నా, రాత్రి పడుకున్నా సలుపుతున్నా పరుగు పూర్తిగా ఆపి ఎముకల డాక్టరుకు చూపించాలి. ఎముకలో పగులు మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు, ఎమ్మారై అవసరం పడొచ్చు. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేసినప్పుడు మడమ కింద పొడిచినట్టుంటే అది వేరే సమస్య, దానికి ఆపడం కన్నా పిక్కల వ్యాయామం పెంచి నిమిషాలు తగ్గించడం పనిచేస్తుంది.

నలభై దాటినవాళ్లు, షుగరు, బీపీ ఉన్నవాళ్లు మొదటి వారానికి ముందే డాక్టరును కలవాలి. గ్లిమెపిరైడ్ వేసుకునేవాళ్లకు, ఇన్సులిన్ తీసుకునేవాళ్లకు పరుగు తర్వాత షుగరు పడిపోవచ్చు, జేబులో గ్లూకోజు ఉంచుకోండి. ఛాతీలో పట్టేసినట్టున్నా, కళ్లు తిరిగినా వెంటనే పరుగు ఆపి, ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

యాప్ తప్పనిసరి కాదు. చౌక డిజిటల్ వాచీలో ఇంటర్వెల్ టైమరు (పరుగు, నడక మార్చాల్సినప్పుడల్లా మోగేది) ఉన్నా చాలు. ఇక లక్ష్యం కావాలంటే, ఏడాది చివర్లో జరిగే వైజాగ్ నేవీ మారథాన్‌లో 5 కిలోమీటర్ల పరుగు కూడా ఉంటుంది. తేదీ ప్రకటించగానే దానికి పద్నాలుగు వారాలు వెనక్కి లెక్కబెట్టి మొదలెట్టండి, మధ్యలో జ్వరమో పెళ్లో వచ్చి ఒక వారం పోయినా ఇబ్బంది ఉండదు.