1901 సెనేట్ ఎన్నికలకు ట్రోవ్: వార్తలు నమ్మొచ్చు, పట్టికలు సరిచూసుకోవాలి

ఆస్ట్రేలియా తొలి సెనేట్ (పార్లమెంటు ఎగువ సభ) ఎన్నికల గురించి చదివేవాళ్లు మొదట తెరవాల్సింది ట్రోవ్. అక్కడి నేషనల్ లైబ్రరీ నడిపే ఈ సైట్‌లో ఆనాటి పెద్ద దినపత్రికలు పేజీలకు పేజీలు స్కాన్ అయి ఉన్నాయి. చందా లేదు, చదవడానికి లాగిన్ కూడా అక్కర్లేదు. చిక్కంతా వెతకడంలోనే.

ఉత్త ‘సెనేట్’ అని కొడితే అమెరికా సెనేట్ తంతివార్తలు, సిడ్నీ యూనివర్సిటీ సెనేట్ సమావేశాలు కుప్పలుగా వస్తాయి. అడ్వాన్స్‌డ్ సెర్చ్‌లో ‘ఫెడరల్ ఎలక్షన్స్’ను ఇంగ్లిష్‌లో కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి, పక్కన సెనేట్ చేర్చి, తేదీలు 1901 మార్చి 25 నుంచి ఏప్రిల్ 20 దాకా ఇవ్వండి. పోలింగ్ ఒక్కరోజులో జరగలేదు. క్వీన్స్‌లాండ్, సౌత్ ఆస్ట్రేలియాల్లో మార్చి 30 శనివారం, మిగతా నాలుగు రాష్ట్రాల్లో ముందురోజు శుక్రవారం. పెద్ద దినపత్రికలకు ఆదివారం సంచిక ఉండేది కాదు కాబట్టి శనివారం పోలింగ్ కబుర్లు ఏప్రిల్ 1 సోమవారం సంచికలో దొరుకుతాయి. ఫలితాల పట్టికలకు ‘డీటెయిల్డ్ లిస్ట్స్, రిజల్ట్స్, గైడ్స్’ ఫిల్టర్ ఉంది గానీ దానితో ఆగిపోవద్దు, చాలా పట్టికలు మామూలు వార్తల విభాగంలోనూ కలిసిపోయి ఉంటాయి.

అసలు ప్రమాదం ఆ పట్టికల్లోనే. పాత అచ్చును యంత్రం చదివేటప్పుడు 3 కాస్తా 8 అవుతుంది, 5 కాస్తా 6 అవుతుంది. రెండు కాలమ్‌లు ఒకదాంట్లోకొకటి దూరి, ఒక అభ్యర్థి ఓట్లు ఇంకొకరి పేరు పక్కన చేరతాయి. ఎడమవైపు వచ్చే, యంత్రం చదివిన పాఠాన్ని కాపీ చేసుకోవద్దు. స్కాన్ బొమ్మను పెద్దది చేసి అంకెలు మీరే ఎక్కించుకోండి. పాఠాన్ని దిద్దే సౌకర్యం పాఠకులకే ఇచ్చారు, మంచిదే. కాకపోతే ఎవరూ దిద్దని పేజీలే ఎక్కువ.

ఒక్క పత్రికతో పని జరగదు. దేశమంతటికీ ఎన్నికల చట్టం 1902లో గానీ రాలేదు. అందుకే 1901లో ఏ రాష్ట్రం చట్టం ఆ రాష్ట్రానిదే. రాష్ట్రానికి ఆరుగురు చొప్పున 36 మంది సెనేటర్లు. న్యూ సౌత్ వేల్స్‌లో అక్కర్లేని పేర్లు కొట్టేసేవారు, సౌత్ ఆస్ట్రేలియాలో కావాల్సిన పేరు దగ్గర గుర్తు పెట్టేవారు. టాస్మానియాలో హేర్-క్లార్క్ పద్ధతి, అంటే అభ్యర్థులకు 1, 2, 3 అని ప్రాధాన్యాలు ఇచ్చే ఓటు. మన రాజ్యసభ ఎన్నికల్లో ప్రాధాన్య ఓటు బదిలీ తెలిసినవాళ్లకు టాస్మానియా రాజధాని హోబార్ట్ నుంచి వచ్చే ‘మెర్క్యురీ’ పత్రికలోని లెక్కింపు వార్తలు తేలిగ్గా అర్థమవుతాయి. మిగతావాళ్లకు తలనొప్పే.

పార్టీ పేర్లను మాత్రం ఏ పత్రికనూ నమ్మి రాసుకోవద్దు. మెల్‌బోర్న్ ‘ఏజ్’ రక్షణ సుంకాల పక్షం, ‘సిడ్నీ మార్నింగ్ హెరాల్డ్’ స్వేచ్ఛా వాణిజ్యం వైపు. ఫ్రీ ట్రేడ్ 17, ప్రొటెక్షనిస్ట్ 11, లేబర్ 8 అని ఇప్పుడు పుస్తకాల్లో కనిపించే లెక్క ఆ వారం సంచికల్లో అచ్చంగా అలాగే దొరుకుతుందని ఆశించవద్దు. లేబర్ స్పెల్లింగ్ కూడా రెండు రకాలుగా (Labor, Labour) ఉంటుంది, రెండూ వెతకాలి.

1903 డిసెంబర్ 16 ఎన్నికలకూ ఇదే దారి. అంతకుముందు సౌత్, వెస్టర్న్ ఆస్ట్రేలియాల్లోనే ఉన్న మహిళల ఓటు ఈసారి దేశమంతటా వచ్చింది. ఆదివాసుల్లో అత్యధికులను మాత్రం 1902 ఓటుహక్కు చట్టమే ఓటుకు దూరం పెట్టింది. విక్టోరియాలో సెనేట్‌కు నిలబడి 51,497 ఓట్లు తెచ్చుకున్న మహిళా ఓటుహక్కు ఉద్యమకారిణి వైడా గోల్డ్‌స్టీన్ ప్రచార సభల వార్తలు చదవాలంటే పేరును కొటేషన్ల మధ్య పెట్టి 1903 చివరి నెలలు వెతకండి.

ప్రతి వార్తకూ శాశ్వత లింక్ ఉంటుంది, వెంటనే రాసి పెట్టుకోండి. వార్తను పీడీఎఫ్‌గానూ దించుకోవచ్చు. తుది మొత్తాలు ఒకేచోట కావాలనుకునేవాళ్లకు మాత్రం ఇది పనికొచ్చే సైట్ కాదు.