పాడి, పంచిపెట్టే కచేరీలు: విజయవాడలో ఒక ప్రయత్నంపై సమీక్ష

విజయవాడలో కచేరీలకు కొదవ లేదు. తుమ్మలపల్లి కళాక్షేత్రంలో పెద్ద సభలు, గుళ్ళలో ఉత్సవాల కచేరీలు ఏడాది పొడవునా జరుగుతూనే ఉంటాయి. సత్యనారాయణపురంలో కొందరు సంగీత ఉపాధ్యాయులు ఒక మేడమీది హాలులో నెలకొకసారి నడుపుతున్న కచేరీల తీరు మాత్రం వేరు. వారు కాపీరైట్ గడువు తీరిన రచనలనే పాడతారు. ఆ రికార్డింగును, స్వరలిపిని, సాహిత్యపాఠాన్ని ఎవరైనా దించుకుని స్వేచ్ఛగా వాడుకునేలా ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఉచిత ఆన్‌లైన్ భాండాగారంలో ఉంచుతారు. ప్రవేశం ఉచితం, గుమ్మం దగ్గర హుండీ ఉంటుంది, వేసినవారు వేస్తారు.

త్యాగరాజస్వామి 1847లోనే సిద్ధిపొందారు కదా, ఆయన కృతులకు ఇప్పుడు హక్కుల గొడవ ఏమిటని చాలామందికి అనిపించవచ్చు. కృతి వరకు గొడవ లేని మాట నిజమే. కానీ మన చట్టంలో పాడినవారికి తమ గానంపై 50 ఏళ్ళ హక్కు, ధ్వనిముద్రణకు అది ప్రచురితమైన నాటి నుంచి 60 ఏళ్ళ హక్కు విడిగా ఉన్నాయి కనుక, రెండు వందల ఏళ్ళ నాటి కీర్తన అయినా నిన్న సాయంత్రం పాడినది అడగకుండా పంచుకోదగినది కాదు. ఈ నిర్వాహకులు గాయకుల చేతనే కాక వయొలిన్, మృదంగ విద్వాంసుల చేత కూడా ముందుగానే అనుమతిపత్రం మీద సంతకం చేయించుకుని, ప్రతి ఫైలు పక్కన రచయిత ఎవరు, ఎప్పుడు గతించారు, ఎవరు పాడారు, ఏ క్రియేటివ్ కామన్స్ లైసెన్సు (ఇతరులు ఏ షరతులతో వాడుకోవచ్చో ముందే చెప్పే అనుమతి) వర్తిస్తుంది అన్నది తెలుగులోనే రాసి పెడుతున్నారు. ఇంతకంటే బాగా పాడే సభలు ఊళ్ళో ఉన్నాయి. ఇంత శ్రద్ధగా కాగితాలు సరిచూసే సభ మరొకటి నాకు కనబడలేదు.

రచనల ఎంపికలోనూ అదే జాగ్రత్త కనిపిస్తుంది. మైసూరు వాసుదేవాచార్యులు 1961లో మరణించారు. రచయిత మరణించిన సంవత్సరం ముగిశాక 60 ఏళ్ళ లెక్క ప్రకారం ఆయన రచనలు 2022 జనవరి 1 నుంచి అందరివీ అయ్యాయి. ఖమాస్ రాగంలోని ‘బ్రోచేవారెవరురా’ను త్యాగరాజ కృతి అనుకునేవారు మన మధ్య ఇప్పటికీ ఉన్నారు కనుక, పాడే ముందు ఈ సంగతి రెండు వాక్యాల్లో చెప్పడం ఎంతో బాగుంది. అన్నమాచార్యుల విషయంలో చిక్కు ఎక్కువ. 1503లో కన్నుమూసిన ఆయన సాహిత్యం అందరిదీ అయినా, రాగిరేకుల మీద రాగం పేరే ఉంది తప్ప స్వరం లేదు. నేడు మనం వినే వరుసలు చాలావరకు 20వ శతాబ్దిలో రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి వంటి పెద్దలు కట్టినవి. రాళ్ళపల్లి వారు 1979లో గతించారు కనుక ఆయన వరుసలపై హక్కు 2039 చివరి వరకు ఉంటుంది. అందుచేత నిర్వాహకులలోని ఒక ఉపాధ్యాయురాలు ఒక సంకీర్తనకు తానే కొత్త వరుస కట్టి, దానిని కూడా స్వేచ్ఛగా వదిలారు. ఆ ఉదారతకు నమస్కారమే గాని, వరుస మాత్రం చరణంలో పల్లవినే తిరిగి వల్లించినట్టుంది.

నేను విన్నవాటిలో అన్నిటికంటే విలువైనది ముత్తుస్వామి దీక్షితుల కృతుల సాయంత్రం. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురంలో తెలుగు లిపిలో అచ్చువేయించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’లో కంపితం, స్ఫురితం, జారు అనే గమకాలకు, అంటే స్వరాన్ని ఊపే, జార్చే తీరులకు, వేర్వేరు గుర్తులున్నాయి. సాధారణంగా కచేరీలలో ఎవరూ వాటిని పట్టించుకోరు. ఇక్కడ గాయని పుస్తకం ఎదుట పెట్టుకుని, గురుముఖతః వచ్చిన పాఠాన్ని పక్కనపెట్టి, ఆ గుర్తులను అనుసరిస్తూ నింపాదిగా పాడారు. ఒకటి రెండుచోట్ల తడబడినా, అలవాటైన సంగతులు (ఒకే పంక్తిని మార్చి మార్చి పాడే తీరులు) లేకుండా ఆ కృతి ఎంత బరువుగా నిలబడగలదో తెలిసింది. మొవ్వ క్షేత్రయ్య పదాలకు ఆ ఓపిక చూపలేదు. మన కృష్ణా జిల్లావాడైన వాగ్గేయకారుని పదాన్ని మధ్యమకాలంలో పరుగెత్తించి, అభినయానికి తావు లేకుండా చేశారు.

రికార్డింగు నాణ్యత చెప్పుకోదగినదే. ఎంపీ3తో పాటు నాణ్యత తగ్గని ఫ్లాక్ ఫైలు కూడా ఇస్తున్నారు. ప్రతి కృతీ విడివిడిగా ఉండడం సాధకులకు పెద్ద సౌకర్యం. అయితే మృదంగం మైకు గాయకుల మైకుకు మరీ దగ్గరగా ఉండి, మృదంగం ఒంటరిగా వాయించే తనియావర్తనంలో చెవులు దిమ్మెక్కుతున్నాయి. సాహిత్యపాఠంలో అచ్చుతప్పులు తరచుగా కనిపిస్తున్నాయి. ఆ పాఠాన్నే మరొకరు ఎత్తి రాసుకుంటారు కనుక తప్పు కూడా ఉచితంగానే వ్యాపిస్తుంది. యూట్యూబులో పెట్టిన ఒక కీర్తనపై ఏదో సంగీత సంస్థ తరఫున హక్కుల అభ్యంతరం దానంతటదే వచ్చిపడిందనీ, రచయిత మరణ సంవత్సరం చూపి జవాబిచ్చాక తొలగిందనీ నిర్వాహకులు చెప్పారు. కాగితాలు సిద్ధంగా లేనివారైతే వీడియోనే తీసివేసి ఊరుకునేవారు.

సంగీత విద్యార్థులకు, కూచిపూడి అభ్యాసకులకు, తరగతిలో వినిపించేందుకు చిక్కు లేని రికార్డింగులు వెదికే ఉపాధ్యాయులకు ఈ కచేరీలను నిస్సంకోచంగా సూచిస్తాను. పండితుల మనోధర్మం, అంటే అప్పటికప్పుడు అల్లే సంగీతం, కోసం వెళ్ళేవారు నిరాశపడవచ్చు. నిర్వాహకులకు నా విన్నపం ఒక్కటే: గాయకుల శ్రుతి ఎంతో ఫైలు పేరులోనే రాయండి. మా పిల్లలు వీణను ఒక శ్రుతిలో సరిచేసుకుని కూర్చున్నాక రికార్డింగు మరో శ్రుతిలో మొదలవుతోంది.