ఏడేళ్లుగా సభ్యురాలిని: మా తిండిగింజల సహకార సంఘం ఎలా ఉందంటే

తార్నాకలో మా ఇంటికి రెండు సందుల అవతల ఉంటుంది ఈ దుకాణం. వెయ్యి రూపాయల వాటా కట్టి సభ్యత్వం తీసుకుని ఏడేళ్లయింది. కాస్త తిట్టేది కూడా ఉంది కాబట్టి పేరు చెప్పను.

ముందు సరుకు సంగతి. కందిపప్పుకు వంక పెట్టలేం. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చాక బజార్లో ప్రతి పప్పూ తాండూరుదే అంటున్నారు. ఇక్కడ సంచి మీద ఊరి పేరు, పండించిన రైతు సంఘం పేరు ఉంటాయి. కొర్రలు, గానుగ పల్లినూనె కూడా బాగుంటాయి. బెల్లం మాత్రం వానాకాలంలో కొనకండి, నీరు కారుతుంది.

ఓ శ్రావణంలో జొన్నపిండి జల్లిస్తే జల్లెడ నిండా పురుగులే. పొట్లం పట్టుకెళ్తే కౌంటర్ దగ్గర అమ్మాయి, "మందులు కొట్టం కదా ఆంటీ, గట్లనే ఉంటది" అంది. ఒళ్లు మండి ఫిర్యాదు పుస్తకంలో పేజీన్నర రాశాను. నెలలోపే పిండి నిల్వ పెట్టడం మానేసి, వారానికి రెండు రోజులు గిర్నీ పట్టించి ఇవ్వడం మొదలుపెట్టారు. బోర్డులో ఉన్నదీ ఆ పిండితో రొట్టెలు చేసుకునేవాళ్లే మరి.

గోడకు ఒక నల్లబల్ల ఉంటుంది. కిలోకి రైతుకు ఎంత, మిల్లుకు ఎంత, బండి కిరాయి ఎంత, సంఘానికి ఎంత మిగిలింది, అన్నీ సుద్దముక్కతో రాస్తారు. నన్ను ఇక్కడ కట్టిపడేసింది ఆ బల్లే.

మా ఊరి సొసైటీ 1964 సహకార సంఘాల చట్టం కిందిది. అందులో సర్కారు వాటా ఉండేది. సర్కారు పాలకవర్గాన్ని పక్కనపెట్టి తను నియమించిన పర్సన్ ఇన్‌ఛార్జిని కూర్చోబెడితే అడిగే దిక్కుండదని నాన్న గొణిగేవారు. ఈ తార్నాక సంఘం 1995 నాటి మ్యాక్స్ (పరస్పర సహాయ సహకార సంఘాల) చట్టం కింద నమోదైంది. ప్రభుత్వం నుంచి వాటా ధనం తీసుకోకూడదు, బోర్డును ఎన్నుకునేదీ సభ్యులే. అలాగని ఇక్కడ గొడవలు లేవనుకోకండి.

మూడేళ్ల కిందట ఒక కంపెనీ గోదాము కట్టిస్తామని వచ్చింది. బదులుగా బోర్డులో ఒక కుర్చీ అడిగింది. స్కూలు గదిలో సర్వసభ్య సమావేశం, పిల్లల బెంచీల మీద ఇరుక్కుని కూర్చుని మూడు గంటలు అరుచుకున్నాం. "గోదాము లేక సరుకు పాడవుతోంది, తీసుకుంటే తప్పేంటి?" అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. భీమదేవరపల్లి వైపు పెద్దాయన ఒకరు లేచారు. "మా ముల్కనూరు సొసైటీ 1956 నుంచి నడుస్తున్నది. తర్వాత మా ఆడోళ్లు డెయిరీ పెట్టిన్రు, పాలు పోసేటోళ్లే దానికి ఓనర్లు. గోదాము మనమే కట్టుకుందాం" అన్నారు. ఇరవై వేల వాటా ఉన్నాయనకూ ఒకటే ఓటు, నాకూ ఒకటే. కంపెనీ ప్రతిపాదన ఓడిపోయింది. గోదాముకు సభ్యుల దగ్గరే డిపాజిట్లు తీసుకున్నారు. ఇంకా పైకప్పు పడలేదు, అది వేరే కథ.

విసుగు పుట్టించేవీ ఉన్నాయి. పదకొండింటికి అన్న మీటింగు కోరానికి కావలసినంత మంది రాక పన్నెండున్నరకు మొదలవుతుంది. ఇంటికి తెచ్చివ్వరు. రాత్రి ఏడుకే షట్టర్ దించేస్తారు. ఏడాదిలో ఇంత సరుకు కొంటేనే ఓటు అని సంఘం నియమావళి అయిన బైలాస్‌లో ఉంది. అమెరికాలో కూతురి దగ్గర ఏడాదున్న మా పక్కింటావిడ ఓటు అలాగే పోయింది. ఆవిడ ఇప్పటికీ అలక మానలేదు. నాకైతే ఆ నియమం సబబే అనిపిస్తుంది. కొననివాళ్లు ధరలు నిర్ణయిస్తే ఎలా?

నన్ను గుచ్చేది వేరే. సభ్యులంతా మాలాంటి ఉద్యోగస్థులే. మా వాచ్‌మన్ భార్య నల్లబల్ల చూసి, "గీ రేటుకు మేమెట్ల కొంటమమ్మా?" అంది. వాటాను నెలకు యాభై చొప్పున కట్టుకోవచ్చని పోయినేడు తీర్మానం చేశాం. ఆమె చేరింది. నెలకు అరకిలో పప్పు కొంటుంది, బియ్యం మాత్రం రేషన్‌వే. అరకిలోతో ఓటు వస్తుందా అని అడిగింది. లెక్కవేస్తే రాదు. ఈ సెప్టెంబరు మీటింగులో ఆ హద్దు తగ్గించమని కాగితం రాసిచ్చాను, పక్కింటావిడ కూడా సంతకం పెట్టింది.