ఎర్రమట్టి వెతుక్కుంటూ రామప్ప దాకా: రెండు రోజుల ప్రయాణం

బోడుప్పల్‌లో మా డాబా మీద నలభై కుండీల దాకా ఉంటాయి. పోయిన వేసవిలో నర్సరీ వాళ్ల దగ్గర పది బస్తాల ఎర్రమట్టి కొన్నాం. రెండు నెలలు తిరక్కుండానే కుండీల్లో మట్టి ఇటుకలా బిగుసుకుపోయింది. నీళ్లు పోస్తే అంచుల వెంట జారి కింది బెజ్జంలోంచి కారిపోతున్నాయి, నడుమ వేళ్లు మాత్రం ఎండుతున్నాయి. మా మామయ్య ఒక కుండీని బోర్లించి, గడ్డను వేళ్లతో నలిపి చూసి, "ఎర్రగున్నదల్లా చల్క అయితదా బిడ్డా? ఇది మొరం కలిపిన మట్టి" అన్నారు. ఆయన నల్గొండ వైపు ముప్పై ఏళ్లు చల్కలోనే (తేలికపాటి ఎర్ర ఇసుక నేల) సేద్యం చేశారు.

రామప్ప చూడాలని ఎప్పట్నుంచో అనుకుంటున్నాం. ఆ వైపు రాయి మన గ్రానైట్ కాదని, ఇసుకరాయని, దాని మీద ఏర్పడిన ఎర్రమట్టి తీరే వేరని చదివాక ఈ ప్రయాణానికి ఇంకో పని కూడా తోడైంది. నవంబర్‌లో ఒక శనివారం తెల్లవారుజామున నేను, మా ఆయన, మామయ్య కార్లో బయల్దేరాం. డిక్కీలో నాలుగు ఖాళీ వాటర్ బాటిళ్లు, ఒక చిన్న తాపీ పెట్టాను. మా ఆయన ఏమీ అనలేదు గానీ, చూసిన చూపు మాత్రం గుర్తుంది.

ఉప్పల్ నుంచి 163వ నంబర్ జాతీయ రహదారి మీద వరంగల్ వరకు రోడ్డుకు వంక పెట్టక్కర్లేదు. భువనగిరి దగ్గర టీకి ఆగాం. ఎదురుగా కోట ఉన్న గుండు మొత్తం ఒకే గ్రానైట్. హైదరాబాద్ కింద ఉన్నదీ ఆ జాతి రాయే, వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. గ్రానైట్‌లో క్వార్ట్జ్ అనే గట్టి ఖనిజంతో పాటు ఫెల్డ్‌స్పార్ అనే ఇంకో ఖనిజం చాలా ఉంటుంది. రాయి చివికినప్పుడు ఫెల్డ్‌స్పార్ బంకమన్నుగా మారుతుంది, క్వార్ట్జ్ మాత్రం ముక్కలుగా మిగిలిపోతుంది. ఆ ముక్కలు ఎక్కడికీ కొట్టుకుపోలేదు కాబట్టి వాటికి కోణాలుంటాయి, చేతిలో నలిపితే గుచ్చుకుంటాయి. ఇది టీ కొట్టు వెనక గట్టు మీదే చూశాం. మామయ్య చెప్పిన మొరం అదే.

రామప్ప గుడి ఉన్న పాలంపేట చేరేసరికి పది దాటింది. ఉప్పల్ నుంచి దాదాపు 200 కిలోమీటర్లు. రామప్ప గుడిని గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడు. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాక వారాంతాల్లో బస్సులు వరుస కడుతున్నాయి. పొద్దున్నే వెళ్తే ప్రశాంతంగా ఉంటుంది, పదకొండు తర్వాత సెల్ఫీల జాతర. ఒక స్థానిక గైడును మాట్లాడుకున్నాం. ఇచ్చిన ప్రతి రూపాయికీ విలువ దక్కింది. ధర మాత్రం ముందే తేల్చుకోండి. పునాది గోతిని ఇసుకతో నింపి దాని మీద గుడి నిలిపారనీ, శిఖరం ఇటుకలు నీళ్లలో తేలేంత తేలికనీ అందరికీ చెప్పేవి చెప్పాడు. నేను మాత్రం గోడల దగ్గరే ఆగిపోయాను.

ఈ గుడి గోడలు ఎర్ర ఇసుకరాయి. చూరు కింద ఉన్న మదనికలు, నాగినులు అనే స్త్రీ శిల్పాలు నల్లరాయి. ఎనిమిది వందల ఏళ్ల ఎండావానల తర్వాత నల్లరాతి బొమ్మల నగల మీద గీత కూడా చెరగలేదు. పక్కనే ఉన్న ఇసుకరాయి శిల్పాల్లో కొన్నింటికి ముక్కూ మొహం నునుపుగా అరిగిపోయాయి. ఇసుకరాయి అంటే ఒకప్పటి ఇసుకే. రేణువుల నడుమ సిలికా, సున్నం, ఇనుప ఆక్సైడ్, బంకమన్ను లాంటిది ఏదో ఒకటి జిగురులా పట్టి రాయిగా కట్టింది. వాన నీరు ఆ జిగురును నెమ్మదిగా కరిగిస్తే రేణువులు విడిపోయి మళ్లీ ఇసుకవుతాయి. వేల ఏళ్లకు పొలమయ్యే పని ఆ గోడ మీద అప్పుడే మొదలైందన్నమాట. గుడి రాయిని తాకకూడదు, నేనూ తాకలేదు. అడుగున నేల మీద రాలిన ఎర్రపొడి మాత్రం చెప్పులకు అంటుకుంది.

భోజనం గుడి బయట మెస్సులో. పప్పు, చిక్కుడుకాయ కూర, మజ్జిగ. వేడిగా పెట్టారు, ఇంకేం కావాలి. టాయిలెట్ల సంగతి రాయకపోవడమే మేలు.

మధ్యాహ్నం గుడి దాటి కొంత దూరం పోయాక రోడ్డు వెడల్పు కోసం కోసిన గట్టు కనిపించింది. కారు ఆపించాను. మనిషెత్తు కోతలో పొరలు పుస్తకంలో బొమ్మలా ఉన్నాయి. పైన జానెడు మందాన లేత గోధుమ రంగు ఇసుక మట్టి. దాని కింద ముదురు ఎరుపు, తడిపి వేళ్ల మధ్య నొక్కితే కాస్త సాగింది కూడా. పై పొరలోని సన్నటి బంక వాన నీళ్లతో దిగి అక్కడ చేరుతుంది కాబట్టే ఆ జిగట. ఇంకా కిందికి పసుపు, ఎరుపు మచ్చల గుల్లరాయి, గోటితో గీకితే రాలిపోతోంది. అట్టడుగున అసలు రాయి.

ఎరుపంతా ఇనుము వల్లే. చూడ్డానికి ఎంతో ఉన్నట్టుంటుంది గానీ, ఉండేది తక్కువే. ఇసుక రేణువు లోపల తెల్లగానే ఉంటుంది, పైన పల్చటి పూతలా హెమటైట్ అనే ఎర్రటి ఇనుప ఆక్సైడ్ పడుతుంది. తడి ఎక్కువసేపు నిలిచే చోట అదే ఇనుము గోథైట్ అనే ఇంకో ఖనిజంగా మారి పసుపు రంగు ఇస్తుంది. ఆ మచ్చల గుట్టు ఇదే.

గట్టు పక్కన పత్తి చేలో ఒక రైతు ఉంటే మామయ్య పలకరించారు. ఇంకో అరగంట కారు కదలలేదు. "నీళ్లు పొద్దుగాల పెడితె మాపటికల్ల ఏమున్నదే ఇండ్ల? సీదా కిందికే పోతది" అన్నాడాయన. యూరియా ఒక్కసారే వేస్తే వానకు కొట్టుకుపోతుందట, అందుకే మూడు నాలుగు దఫాలుగా వేస్తాడట. మొదటి పెద్ద వాన తర్వాత ఎండ కాస్తే పైన పెంకు కడుతుందనీ, అప్పుడు గింజ మొలక దాన్ని చీల్చుకుని రాలేదనీ చెప్పాడు. దానికి ఆయన మందు చెరువు పూడిక మట్టి. 2015లో మొదలైన చెరువుల పూడికతీత పథకం మిషన్ కాకతీయ రోజుల్లో ట్రాక్టర్లతో తోలుకున్నాడట, ఆ మడి ఇప్పటికీ నీళ్లు ఎక్కువసేపు ఆపుతోందట. మంచి మాటేంటంటే దున్నడం తేలిక, వాన వెలిసిన మర్నాడే నాగలి దిగుతుంది, వేరు లోతుకు పోతుంది. రేగడిలో వారం ఆగాల్సిందే. ఈ నేలలో సేంద్రియ పదార్థం, నత్రజని సహజంగానే తక్కువ. భాస్వరం వేసినా కొంత ఇనుముతో కలిసి బిగుసుకుపోతుంది. గ్రానైట్ మట్టిలో ఫెల్డ్‌స్పార్ వల్ల పొటాష్ కాస్త మెరుగు, క్వార్ట్జ్ ఎక్కువున్న ఇసుకరాయి మట్టిలో అదీ ఉండదు.

"మరి దీన్ని చల్క అంటారా?" అని అడిగితే ఆయన నవ్వాడు. గుట్ట పైవాలులో దుబ్బ (వదులు ఇసుక నేల), కొంచెం దిగితే చల్క, ఇంకా దిగితే గరప (ఇసుకా బంకా కలిసిన నేల), చెరువు కింద వరి మడి నల్లగా అని చేత్తోనే వాలు గీసి చూపించాడు. ఒకే రాయి మీద ఒకే ఊళ్లో నాలుగు నేలలు. సన్నటి మట్టి వాలు వెంట దిగిపోతుంది కాబట్టి మంచి ఎర్ర గరప కావాలంటే గుట్ట ఎక్కకూడదు, దాని కాళ్ల దగ్గర వెతకాలి. ఆయన్నే అడిగి రెండు చోట్ల బాటిళ్లు నింపుకున్నాం. మామయ్య చెదపుట్ట దగ్గర ఇంకోటి నింపారు. చెదలు లోపలి బంకను పైకి మోసుకొస్తాయి, పుట్టమన్ను మెత్తగా ఉండేది అందుకే.

సాయంత్రం లక్నవరం. వేలాడే వంతెన, దీవులు బాగుంటాయి, కానీ శనివారం బోటుకు క్యూ గంట పైనే. చీకటి పడేదాకా ఒడ్డున కూర్చోవడమే మాకు నచ్చింది. రాత్రి బస ఆ పరిసరాల్లోనే ఒక కాటేజీలో. ఆన్‌లైన్‌లో ఫొటోలు చూసి బుక్ చేశాను, తప్పు నాదే. గీజర్ పనిచేయలేదు, దుప్పట్లు తడి వాసన. రాత్రి ఏడు లోపు చెప్పకపోతే అన్నం ఉండదన్న సంగతి ఎనిమిదికి చెప్పారు. మామయ్యకు బీపీ మాత్రలు తిన్నాకే వేయాలి, నాకు టెన్షన్. వాచ్‌మన్ భార్య జొన్నరొట్టె, పచ్చిమిర్చి తొక్కు చేసి పెట్టింది. డబ్బు ఇస్తే తీసుకోలేదు. ప్రయాణం మొత్తంలో బెస్ట్ భోజనం అదే. పెద్దవాళ్లు వెంట ఉంటే హన్మకొండలో హోటల్ తీసుకుని పొద్దున్నే బయల్దేరడం మంచిది, దూరం ఎక్కువైనా సరే.

ఆదివారం పాండవుల గుట్టలు. రేగొండ వైపు, భూపాలపల్లి జిల్లా. ఇక్కడ ఇసుకరాయి నిటారు గోడల్లా, పడగల్లా నిలబడి ఉంటుంది. గోడ అడుగున ఇసుక పోగులు, పైనుంచి రాలిందే. రేణువుల్ని అరచేతిలో నలిపితే భువనగిరి మొరంలా గుచ్చుకోలేదు. నీళ్లలో దొర్లి దొర్లి కోణాలు అరిగిన ఇసుక అది, రాయి కాకముందే. గుహల్లో ఆదిమానవుల బొమ్మలున్నాయి, అడవి జంతువులవి. చాలావాటికి వాడింది ఎరుపు. కాలిన ఇటుక రంగులో ఉంది. మట్టిని ఎర్రబరిచే ఇనుప ఆక్సైడే గోడ మీద రంగుగా కూడా పనికొచ్చింది. కొందరు ఆ బొమ్మల పక్కనే తమ పేర్లు చెక్కారు, చూస్తే ఒళ్లు మండింది.

మేం వెళ్లిన రోజు మంచినీళ్లు గానీ, కూర్చునే నీడ గానీ దొరకలేదు. స్థానికుడు తోడు లేకుండా గుహల దాకా వెళ్లొద్దు, దారి చీలికలు మోసం చేస్తాయి. మామయ్య కింద చెట్టు నీడలోనే ఉండిపోయారు, అదే నయమైంది. మోకాళ్లు బాగున్నవాళ్లకు మాత్రం రామప్ప కంటే ఇదే ముందు చెబుతాను.

ఇంటికొచ్చాక మట్టిని ఒక్కో బాటిల్లో మూడోవంతు పోసి, నీళ్లు, చిటికెడు డిటర్జెంట్ వేసి గిలకొట్టి కిచెన్ కిటికీలో పెట్టాను. ఇసుక నిమిషంలోపే కూర్చుంది. సన్న ఒండ్రు పేరుకోడానికి గంటలు పట్టింది, బంక మర్నాటికి గానీ దిగలేదు. గుట్ట దగ్గరి మట్టిలో ముప్పాతిక ఇసుకే. వాలు కింద మట్టిలో మూడు పొరలూ చక్కగా కనిపించాయి. నర్సరీ మట్టిని కూడా పక్కన పెట్టాను. అడుగున గరుకు రాళ్లు, పైన బంక, నడుమ ఒండ్రు పొర లేనట్టే ఉంది. ఎండితే ఇటుక కాక ఏమవుతుంది.

ఇప్పుడు కుండీల్లో రెండు పాళ్లు ఆ పాత మట్టి, ఒక పాలు నది ఇసుక, ఒక పాలు పశువుల ఎరువు. మామయ్య పుట్టమన్ను బాటిల్ మాత్రం ఎవరినీ ముట్టనివ్వడం లేదు, తులసి కుండీకట. కారు డిక్కీ రెండుసార్లు కడిగించాం. సీట్ల మూలల్లో ఎర్రపొడి ఇంకా అలాగే ఉంది.