పులిపిర్లకు విటమిన్ డి3 ఇంజెక్షన్: విజయనగరం, శ్రీకాకుళం వాళ్లకు పనికొచ్చే వైద్యమేనా?

చేతుల మీద నాలుగైదు పులిపిర్లు, కాల్చినా మళ్లీ మొలుస్తున్నవి ఉంటే ఈ వైద్యం అడిగి చూడదగ్గదే. ఒక్కటే ఉంటే ముందు సాలిసిలిక్ యాసిడ్ మందు చాలు.

చేసే తీరు ఇదీ. గట్టిపడిన తోలును డాక్టరు బ్లేడుతో పలచగా చెక్కుతారు. కొద్దిగా మత్తుమందు ఎక్కించి, పులిపిరి మొదట్లోకి 0.2 నుంచి 0.5 ఎం.ఎల్. డి3 నెమ్మదిగా వదులుతారు. వాడేది సాధారణంగా ఎం.ఎల్.కు 6 లక్షల యూనిట్లున్న ఆంప్యూల్. నూనె మందు కాబట్టి గట్టిగా నొక్కితే సూది ఊడిపోయి మందంతా బయటికి చిమ్ముతుంది; సూదిని మరతో బిగించే సిరంజి వాడటం మేలు. మందు మరీ పైపైన పడినా ఫలితం తగ్గుతుంది.

విటమిన్ నేరుగా పులిపిర్లు తెప్పించే వైరస్‌ను చంపదు, ఒంటి రోగనిరోధక శక్తిని అక్కడికి రప్పిస్తుందని భావిస్తారు. అందుకే సూది వేయని పులిపిర్లూ ఒక్కోసారి రాలిపోతాయి. మాకు బాగా నచ్చింది ఇదే. అందరికీ అలా జరగదు.

రెండు నుంచి నాలుగు వారాలకోసారి, మామూలుగా నాలుగు విడతల దాకా వేస్తారు. వాపు, సలుపు రెండు మూడు రోజులుంటాయి. అరికాలికి వేయించుకుంటే నడక కష్టం, కాబట్టి నాట్ల రోజుల్లో పెట్టుకోకండి. చీము పట్టినా, నొప్పి పెరుగుతున్నా వెంటనే చూపించాలి.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, కిడ్నీ రాళ్లున్నవాళ్లు, రక్తంలో కాల్షియం ఎక్కువున్నవాళ్లు ముందే చెప్పాలి. చర్మవ్యాధుల డాక్టరు దగ్గరే చేయించుకోండి, ఊళ్లో సూదులు వేసేవాళ్ల దగ్గర వద్దే వద్దు.